నాన్న లేత్ మీద అన్నయ్య రైఫిల్

నాన్న పోయాక ఒషావా ఊళ్ళో మా ఇంటి సామాన్లలో ఏవి ఎవరికి వెళ్ళాలో అమ్మ రెండు పూటల్లో తేల్చేసింది. చలికోట్లు చర్చి వాళ్ళకి, పెద్దక్షరాల బైబిలు నాకు, గోడ గడియారం పక్కింటి పోర్చుగీసు ఆవిడకి. బేస్‌మెంట్‌లో తాళం వేసిన ఇనప బీరువా దగ్గరికి వచ్చేసరికి మాత్రం, దాని సంగతి మీరిద్దరూ చూసుకోండి అని మెట్లెక్కి పైకి వెళ్ళిపోయింది. అందులో ఉన్నది రైఫిల్. ఈ దేశంలో చనిపోయిన మనిషి తుపాకీని ఊరికే ఎవరికో ఇచ్చెయ్యడానికి లేదు. నాకెప్పుడూ లైసెన్సు లేదు, అన్నయ్యది ఏనాడో ఎక్స్‌పైర్ అయిపోయింది. ఫోన్ చేసి కనుక్కుంటే, లైసెన్సున్న షాపువాడికి అప్పగించమన్నారు. అంత్యక్రియలకి కాల్గరీ నుంచి వచ్చిన అన్నయ్య ఇంకా మా దగ్గరే ఉన్నాడు. బీరువా తెరిచినప్పుడు నా వెనకాలే నిలబడ్డాడు గానీ చెయ్యి ముందుకి చాచలేదు. నేనే బయటికి తీశాను. ఇన్నేళ్ళ తర్వాత కూడా దాని ఉక్కు మీంచి నూనె వాసన వచ్చింది. ఆ వాసనకి నాకు నాన్న చేతులు గుర్తొచ్చాయి.

ఆ రోజుల్లో మా ఇంట్లో రెండు వాసనలుండేవి. వంటింట్లో అమ్మ వేయించే ఎండుమిరపకాయలది ఒకటి, నాన్న ఒంటి మీది, ఉక్కు కోసేటప్పుడు పోసే కటింగ్ ఆయిల్‌ది రెండోది. నాన్న కార్ల ఫ్యాక్టరీలో టూల్ రూమ్‌లో పనిచేసేవాడు. లైన్ మీద కార్లు బిగించేవాళ్ళు వేరు, ఆ లైన్‌లోని మెషీన్లకి కావలసిన అచ్చులు, పనిముట్లు తయారుచేసే వీళ్ళు వేరు. ఆయన గుంటూరులో మిషన్ వాళ్ళ ఇండస్ట్రియల్ స్కూల్లో లేత్ పని నేర్చుకుని, చీరాలలో పొగాకు మెషీన్లు బాగుచేసి, మేమిద్దరం ఇంకా చిన్నపిల్లలుగా ఉండగా ఇక్కడికొచ్చాడు. సాయంత్రం షిఫ్ట్ దిగి రాగానే అమ్మ ఆయన్ని లోపలికి రానిచ్చేది కాదు. గరాజ్‌లోనే యూనిఫాం విప్పి, నారింజ వాసనొచ్చే గరుకు సబ్బుతో మోచేతుల దాకా తోముకుని, అప్పుడు టేబుల్ దగ్గరికి రావాలి. ఎంత తోమినా గోళ్ళ మూలల్లో నలుపు పోయేది కాదు. భోజనానికి ముందు ప్రార్థన చేస్తూ నా తల మీద చెయ్యి పెట్టినప్పుడు ఉక్కూ నూనే కలిసిన ఆ వాసన వచ్చేది. ప్రార్థన అంటే ఇలాగే ఉంటుందని చాలా కాలం అనుకున్నాను.

వంకరగా ఉన్నదాన్ని చూస్తే నాన్నకి నిద్ర పట్టేది కాదు. ఎవరింటికి వెళ్ళినా ముందు గోడ మీది ఫొటోని వేలితో సరిచేసి, ఆ తర్వాతే సోఫాలో కూర్చునేవాడు. మా డైనింగ్ టేబుల్ కాళ్ళ కింద ఎంత పల్చటి రేకు ముక్కలు పెట్టాడంటే, దాని మీద గోలీ పెడితే పెట్టిన చోటే ఉండేది. బేస్‌మెంట్‌లో వాషింగ్ మెషీన్ పక్కన ఒక పాత లేత్ ఉండేది. ఏదో హైస్కూల్ వర్క్‌షాప్ మూసేస్తుంటే తెచ్చుకున్నాడు. సీనియర్స్ హోమ్‌లో డ్యూటీ చేసి వచ్చిన అమ్మ బట్టలు ఉతకడానికి దిగితే, ఇనప రజను చెప్పులకి అంటుకుని పైదాకా వచ్చేది. అమ్మ గొణిగేది, నాన్న చీపురు పట్టుకునేవాడు. ఇది వారం వారం జరిగే తంతు.

తుపాకీ మా ఇంట్లోకి గోర్డన్ అంకుల్ వల్ల వచ్చింది. టూల్ రూమ్‌లో నాన్న పక్క మెషీన్ ఆయనది. ఊరి బయట రైఫిల్ క్లబ్‌లో పాత మెంబర్. ఒక శనివారం నాన్ననీ అన్నయ్యనీ తీసుకెళ్ళాడు. నాన్నకి ఆ తుపాకీ పనితనం నచ్చింది, అన్నయ్యకి ఆ ఆట పట్టుకుంది. నేల మీద చాప పరిచి బోర్లా పడుకుని, కళ్ళకి ఆనీ ఆనని దూరంలో ఉన్న టార్గెట్‌ని కొట్టడం. మధ్యలో గాలి ఎటు వీస్తోందో జెండాల్ని చూసి లెక్క కట్టుకోవాలి. మా అన్నయ్య సుధీర్ స్కూల్లో ఎవరితోనూ కలవనివాడు, ఇంట్లో కూడా ఎప్పుడూ ఏదో తప్పు చేసినవాడిలా ఉండేవాడు. ఆ చాప మీద పడుకున్నప్పుడు మాత్రం వాడి మొహం తేటపడేది. ప్రతి నెలా రెండో ఆదివారం ప్రార్థనకి కూడే తెలుగు ఫెలోషిప్‌లో పెద్దవాళ్ళు, మనకెందుకండీ తుపాకులు ప్రభుదాసు గారూ అనేవారు. నాన్న నవ్వి, దావీదు చేతిలో వడిసెల లేదా అనేవాడు.

వాటర్లూలో యూనివర్సిటీలో చేరిన తర్వాత కూడా వాడు వీకెండ్ వీకెండ్‌కి బస్సెక్కి వచ్చి క్లబ్‌కి వెళ్ళేవాడు. ఆ ఏడు ప్రావిన్స్ జూనియర్ జట్టుకి ఎంపికలున్నాయి. వాడికి అవకాశం ఉందని గోర్డన్ అంకుల్ గట్టిగా నమ్మాడు. కాకపోతే వాడి రైఫిల్ సరిపోదన్నాడు. అది మామూలు వేటరైఫిల్. బ్యారెల్, అదే గొట్టం, ఎలాగూ కొత్తది వెయ్యాలి. గొడవల్లా యాక్షన్ దగ్గర వచ్చింది. యాక్షన్ అంటే బ్యారెల్ వెనక ఉండే ఉక్కు దిమ్మ. తూటాని లోపలికి తోసే బోల్టు జరిగేది అందులోనే, బ్యారెల్ మరలు బిగిసేదీ దానికే. రైఫిల్‌కి గుండెకాయ అనుకోవచ్చు. ఫ్యాక్టరీలో వేలకి వేలు చేసేటప్పుడు అందులో ఎక్కడో వెంట్రుకవాసి వంకర ఉంటుంది. వేటకి పరవాలేదు, అంత దూరం పోటీకి అది చాలు గురి చెడగొట్టడానికి. దానికి రెండు దారులు. ఉన్న యాక్షన్‌నే లేత్ మీద పెట్టి అంతా సమానం చేసుకోవడం ఒకటి. మొదటినుంచీ పోటీల కోసమే ఒక్కొక్కటిగా తయారుచేసే కస్టమ్ యాక్షన్ కొనుక్కోవడం ఇంకొకటి. అలాంటివి చేసే మనిషి దగ్గర గోర్డన్ అంకుల్ తన కోసం ఒకటి చెప్పుకుని ఉన్నాడు. అది కుర్రాడికి ఇచ్చేస్తాను, నేను తర్వాత తీసుకుంటాను అన్నాడు.

ఆ మాట అన్నది మా ఇంట్లోనే, చర్చి నుంచి వచ్చాక, ఆదివారం భోజనాల దగ్గర. అమ్మ ఆయన కోసం కారం తగ్గించి కోడికూర చేసింది. నాన్న ప్లేటు పక్కకి జరిపి, రైఫిల్ తెమ్మని, బోల్టు తీసి, కిటికీ వెలుతురుకి ఎత్తి ఒక కన్ను మూసి చూశాడు. తర్వాత దీన్ని నేనే చేస్తానన్నాడు. గోర్డన్ అంకుల్ మెల్లిగా, నీ పని నాకు తెలుసు దాస్, కానీ సరిచేసినది ఎప్పుడూ సరిచేసినదే కదా అన్నాడు. నాన్న మొహం కొంచెం బిగిసింది.

"వంకరగా ఉన్నదాన్ని తిన్నగా చెయ్యడమే కదరా నా పని," అన్నాడు అన్నయ్యతో తెలుగులో. "కొన్నదాంట్లో మన చెయ్యి ఎక్కడుంటుంది?"

అన్నయ్య చాలాసేపు అన్నం కెలికాడు. "మీ చెయ్యి మీద డౌట్ కాదు నాన్నా. నాకు డౌటే లేని వస్తువు కావాలి. గురి తప్పితే తప్పు నాదేనని నాకు తెలియాలి."

ఆ మాటని ఆ వేళ ఎవరూ పట్టించుకోలేదు. అమ్మ అందరికీ పెరుగు వడ్డించింది. గోర్డన్ అంకుల్ వెళ్ళిపోయాక కూడా వాదన సాగలేదు. మా ఇంట్లో నాన్న మాట మీద ఇంకో మాట ఉండేది కాదు. అది భయం వల్ల అనలేను. ఆయన చెప్పింది ఎప్పుడూ సరిగ్గానే వచ్చేది, అందుకు.

ఆ చలికాలమంతా బేస్‌మెంట్‌లో లైటు వెలుగుతూనే ఉంది. నేను మెట్ల మీద కూర్చుని హోమ్‌వర్క్ చేసుకునేదాన్ని. కింద ఇల్లు వెచ్చబెట్టే ఫర్నెస్ గుర్రు ఒకటి, లేత్ సన్నటి కూత ఒకటి. నాన్న పాత బనియన్ గుడ్డతో యాక్షన్‌ని తుడిచి, వెంట్రుకవాసి వంకరనైనా ముల్లుతో చూపించే డయల్ గేజ్ ఆనించి, చేత్తో మెల్లిగా తిప్పి, ముల్లు కదిలితే పెదవి విరిచి మళ్ళీ మొదలుపెట్టేవాడు. మొదట్లో అన్నయ్య మూతి ముడుచుకుని పైనే ఉండేవాడు. కొన్ని వారాలు గడిచాక వాడూ కిందికి దిగాడు. ఒక శనివారం నాన్న వాడిని పిలిచి గేజ్ చూడమన్నాడు. ముల్లు నిలబడిపోయింది, తిప్పినా కదల్లేదు. అన్నయ్య నవ్వాడు. నాన్న వాడి మెడ మీద చెయ్యి వేసి, యేసయ్యకి స్తోత్రం అన్నాడు. వాళ్ళిద్దర్నీ అలా ఒకరి పక్కన ఒకరిని నేను మళ్ళీ చూడలేదు. మా ఇంటి సంతోషం అంతా ఆ చలికాలానికే ఖర్చైపోయిందని ఇప్పుడు అనిపిస్తుంది.

మంచు కరిగాక క్లబ్‌లో కొత్త బ్యారెల్‌తో కాల్చి చూశారు. టార్గెట్ కాగితం మీద చిల్లులన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. గోర్డన్ అంకుల్ ఆ కాగితాన్ని చాలాసేపు పట్టుకుని, ఇంక నేను మాట్లాడను అన్నాడు.

ఎంపికల పోటీ వేసవిలో, ఆటవా అవతల. అందరం వెళ్ళాం. అమ్మ పులిహోర కట్టింది. పొద్దున అంతా బాగానే జరిగింది, అన్నయ్య పేరు పైవరసలోనే ఉంది. మధ్యాహ్నం గాలి లేచింది. జెండాలు ఒకసారి ఇటు, ఒకసారి అటు. ఆఖరి రౌండులో వాడివి చివరి రెండు తూటాలు ఎడమకి పోయాయి. ఒకటి కొంచెం, ఇంకోటి బాగా. జట్టులో వాడికి చోటు దొరకలేదు. వాడి తర్వాతి కుర్రాడిని తీసుకున్నారు.

అన్నయ్య చాప మీంచి లేచాడు. మోచేతులకి గడ్డి అంటుకుని ఉంది. నాన్న దగ్గరికెళ్ళి, చుట్టూ మనుషులున్నారని కూడా చూడకుండా, "యాక్షన్ నిలబడలేదు నాన్నా," అన్నాడు. "నేను ముందే చెప్పాను."

నాన్న అవునన్నట్టు తల ఊపాడు. రైఫిల్ అందుకుని, బోల్టు తీసి, పెట్టెలో పెట్టాడు. పులిహోర డబ్బా మూత తియ్యకుండానే ఇంటికి చేరింది. మర్నాడు అమ్మ దాన్ని చెత్తలో వేస్తుంటే చూశాను. అన్నం పారేస్తే పాపం అనే మనిషి.

తర్వాత నాన్న ఆ రైఫిల్‌ని కిందికి తీసుకెళ్ళి విప్పాడు. కొలిచిందే కొలిచాడు. ఎక్కడా తప్పు దొరకలేదు. దొరికి ఉంటే బతికిపోయేవాడేమో. మళ్ళీ చేసేవాడు, లేకపోతే క్షమించమని అడిగి ఊరుకునేవాడు. దొరకలేదు కాబట్టి తప్పు తన కంట్లోనే ఉందనుకున్నాడు. తన కన్ను ఏది తిన్నగా ఉందంటే అది వంకరేనేమో అన్న అనుమానం ఆయనలో దూరింది. ఫ్యాక్టరీలో చేసిన పనినే మళ్ళీ మళ్ళీ చూసుకుంటూ వెనకబడిపోతున్నాడని గోర్డన్ అంకుల్ అమ్మతో చెప్పాడు. చలికాలం రాకముందే టూల్ రూమ్ వదిలేసి, తనే అడిగి, సామాన్లు మోసే బండి నడిపే పనికి మారిపోయాడు. పక్క ఊరు విట్బీ నుంచి ఎవరో వచ్చి లేత్ కొనుక్కుపోయారు. దాని చోట అమ్మ బట్టలారేసుకునే స్టాండు పెట్టింది. చెప్పులకి రజను అంటడం ఆగిపోయింది. అమ్మ గొణగడం కూడా ఆగిపోయింది. ఆ గొణుగుడు లేని ఇల్లు నాకు భయం పుట్టించేది. గోడ మీది ఫొటోలు ఒరిగి ఉన్నా ఇంక ఎవరూ సరిచెయ్యలేదు.

ఆ క్రిస్మస్‌కి ముందు తెలుగు ఫెలోషిప్ మా ఇంట్లోనే జరిగింది. ప్రార్థన అవసరతలు చెప్పుకునే సమయంలో నాన్న లేచి నిలబడ్డాడు. ఆయన ఎప్పుడూ అలా మాట్లాడేవాడు కాదు. నా చేతిపని మీద నాకు గర్వం ఉండేది, ఆ గర్వం వల్ల నా కొడుకు అవకాశం పోగొట్టాను, నా కోసం ప్రార్థన చెయ్యండి అన్నాడు. పాస్టరు గారు ఆయన భుజం మీద చెయ్యి వేశారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. సెలవులకి వచ్చిన అన్నయ్య కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. నేను కళ్ళు మూసుకోలేదు. వాడి మొహం గోడ సున్నంలా తెల్లగా ఉంది. సిగ్గుపడుతున్నాడు, పాపం అనుకున్నాను.

వాడు ఆ తర్వాత రైఫిల్ ముట్టుకోలేదు. చదువవగానే కాల్గరీలో ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయాడు. రావడం తగ్గింది. వచ్చినా నాన్న ఉన్న గదిలో ఎక్కువసేపు కూర్చునేవాడు కాదు. నాన్న దాన్ని తనకి రావలసిన శిక్షగా తీసుకున్నాడు. వాడు ఫోన్ చేస్తే, డిస్టర్బ్ చెయ్యకూడదన్నట్టు రెండు మాటలు మాట్లాడి అమ్మకి ఇచ్చేసేవాడు. నాకు పిల్లలు పుడితే, వాళ్ళ ఉయ్యాల మరలు బిగించడానికి కూడా భయపడ్డాడు, ఎవరినైనా పిలవమ్మా అన్నాడు.

ఇదంతా తలుచుకుంటూనే అన్నయ్యా నేనూ రైఫిల్ పెట్టెని కారులో పెట్టుకుని పోర్ట్ పెర్రీ ఊరు దాటి తుపాకుల షాపుకి వెళ్ళాం. షాపు యజమాని తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్ కూడా. మా వయసు మనిషే, అక్కడక్కడా నెరిసిన గడ్డం. ఇన్నేళ్ళ నాటి బ్యారెల్‌ని నమ్మలేం, యాక్షన్ పనికొస్తుందేమో చూస్తానన్నాడు. వైస్‌లో బిగించి విప్పాడు. గేజ్ పెట్టాడు. ఒకసారి చూసి, కళ్ళజోడు మార్చుకుని మళ్ళీ చూశాడు. ఇది ఎవరు చేశారని అడిగాడు. మా నాన్న, ఇంట్లో బేస్‌మెంట్‌లో, అన్నాను. ఆయన యాక్షన్‌ని లైటు కిందికి జరిపి ఇంకోసారి తిప్పి చూశాడు.

చివరికి, తన దగ్గరికి వచ్చే వాళ్ళందరూ ఫ్యాక్టరీది సరిచేయించుకోవాలా, కస్టమ్ కొనుక్కోవాలా అని అడుగుతారనీ, కస్టమే కొనుక్కోమని తను చెప్తాననీ అన్నాడు. తను సరిచేసినా, ఎవరు సరిచేసినా కస్టమ్ అంత తిన్నగా రాదు కాబట్టి. ఇది మాత్రం వచ్చిందన్నాడు. ఇందులో వంక పెట్టడానికి ఏమీ లేదన్నాడు.

నేను అన్నయ్య వైపు తిరిగాను. వాడు కిటికీలోంచి పార్కింగ్ లాట్ చూస్తున్నాడు. వాడి భుజాలు కదల్లేదు. ఆశ్చర్యపోయిన మనిషి అలా నిలబడడు. నాకు అక్కడే అర్థమైంది.

కాగితాల మీద సంతకాలు పెట్టి బయటికొచ్చాం. కారెక్కాక నేను స్టార్ట్ చెయ్యలేదు. నీకు ముందే తెలుసా అని అడిగాను. వాడు చేతి గ్లవ్స్ ఒళ్ళో పెట్టుకుని వాటితోనే మాట్లాడుతున్నట్టు చెప్పాడు. గాలి తిరగడం చూశాడట. జెండా వాలిపోవడం చూశాడట. ఆగాలని తెలిసి కూడా, టైమ్ అయిపోతోందన్న కంగారులో ట్రిగ్గర్ నొక్కేశాడట. మొదటిది పోగానే చెయ్యి వణికింది, రెండోది ఆ వణుకులోనే పోయింది. రైఫిల్‌కి ఏమీ కాలేదు. చాప మీంచి లేస్తున్నప్పుడు కూడా నిజమే చెప్దామనుకున్నాడట, నాన్న మొహం చూసేసరికి నోట్లోంచి ఇంకో మాట వచ్చేసింది.

"తర్వాత ఎప్పుడైనా చెప్పచ్చు కదన్నయ్యా. లేత్ అమ్మేశాడు. ఉద్యోగం మార్చుకున్నాడు. ఫెలోషిప్‌లో అందరి ముందూ నిలబడ్డాడు."

"అప్పుడు లేవబోయానే. అందరూ కళ్ళు మూసుకున్నారు. ప్రేయర్ అయ్యాక చెప్దామనుకున్నా. అయ్యాక అందరూ టీ తాగుతున్నారు."

ప్రతి క్రిస్మస్‌కీ అనుకునేవాడట. ఏళ్ళు గడిచేకొద్దీ చెప్పాల్సిన మాట పెద్దదైపోయిందట. ముందు ఒక పోటీ గురించి చెప్పాలి, తర్వాత ఒక ఉద్యోగం గురించి, తర్వాత ఒక మనిషి జీవితం గురించి. నాన్నకి ఆఖరి రోజుల్లో హాస్పిటల్లో మాట పడిపోయింది కానీ వినికిడి ఉందని నర్సు చెప్పింది. అన్నయ్యకి ఫ్లైట్ ఇంకా దొరకలేదు. నేను ఫోన్ నాన్న చెవి దగ్గర పెట్టి, మాట్లాడన్నయ్యా అన్నాను. వాడు నాన్నా అని మాత్రం అన్నాడు, తర్వాత ఊపిరి చప్పుడు వినిపించింది, అంతే. ఏడుస్తున్నాడనుకున్నాను.

"ఆ రోజైనా చెప్పాల్సింది," అన్నాను.

"నువ్వు పక్కనున్నావు కదా," అన్నాడు.

తిట్టబోయి, కారు స్టార్ట్ చేశాను. పందొమ్మిదేళ్ళ కుర్రాడు భయంలో అన్న ఒక్క మాట. అలాంటివి నా పిల్లలు నాతో రోజూ అంటారు, ఇంగ్లీషులో, ఫోన్‌లోంచి తలెత్తకుండా. నేను సాయంత్రానికి మర్చిపోతాను. నాన్న మా మాటని అలా వినేవాడు కాదు. మేమేమన్నా గేజ్ మీద ముల్లుని చదివినట్టు చదివి, నమ్మి, తనని తాను దిద్దుకునేవాడు. అంత నమ్మకంగా వినే మనిషి ఇప్పుడు మాకెవరూ లేరు. ఉన్నప్పుడు మేం ఆయనకి చేసింది ఇది. అప్పటికీ ఇప్పటికీ ఏం మారిందని ఎవరైనా అడిగితే నాకు తెలిసిన జవాబు ఇదొక్కటే, దాన్ని పైకి చెప్పుకోలేను.

ఇంటికొచ్చేసరికి అమ్మ అన్నం వార్చి కూర్చుని ఉంది. గోంగూర సీసా మూత తీసిపెట్టింది. షాపాయన ఏమన్నాడని అడిగింది. నేను అన్నయ్య వైపు చూశాను. వాడు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. వాడు చెప్తాడేమోనని ఆగాను. కొళాయి చుక్క చుక్కగా కారుతోంది. వాడు కంచం దగ్గరికి జరుపుకున్నాడు.

"నాన్న పని చాలా బావుందన్నాడమ్మా," అన్నాను. "వంక పెట్టడానికి లేదన్నాడు."

అమ్మ గరిటెని అన్నం గిన్నెలో పెట్టింది. "అవునా," అంది. "ఆయన బతికుండగా ఎవరైనా చెప్పుంటే బాగుండేది." తర్వాత అన్నయ్య కంచంలో వడ్డించింది, బాబూ, కాస్త నెయ్యి వేసుకో అంది. వాడు వేసుకున్నాడు. తల వంచుకుని కలుపుకుంటున్నాడు.